ఎవరింటి మనిషి

కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని బుజాంగ్ ఓ ముదురు కాయను రెండు చేతులా పట్టుకుని మెలిపెడుతోంది. నాలుగైదు మెలికలు తిప్పితే తొడిమ తెగి కాయ కింద పడుతుంది. తెగకపోతే కొరుకుతుంది. కింద తాడు పట్టుకున్నవాడు పైకి చూస్తూ, కోతి లేతకాయ మీద చెయ్యి వేస్తే తాడు గుంజి, ముదురుకాయ వైపు పోతే సడలించి, దానితో ఎడతెగకుండా మాట్లాడుతూ ఉండాలి. మాట ఆగితే కోతి పని ఆపేస్తుంది. మా పరియామన్ తీరం వైపు కోతులతో కాయ దింపేవాళ్ళందరికీ గొంతు బొంగురుగా ఉండేది అందుకే.

ఆ పొద్దున జమారిస్ మాట మధ్యలో ఆపేశాడు. తాడు కొసను చెట్టుకు చుట్టి, పొద చాటుకు పోయి లుంగీ ఎత్తి కూర్చున్నాడు. కూర్చోవడమే గాని కావలసింది కావడం లేదు. ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క. పైనుంచి బుజాంగ్ పని మానేసి, మెడ వంచి, యజమాని ఎప్పుడు లేస్తాడా అని చూస్తోంది.

"చూడు, బాగా చూడు. నీ బతుకే హాయిరా నాయనా" అన్నాడు జమారిస్.

తోట మర్లీస్‌ది. రాలిన కాయలు కుప్ప వేస్తున్న ఆవిడ, అతను లుంగీ సర్దుకుని వచ్చేదాకా ఆగింది. ఆగింది గాని అడగకుండా ఉండలేకపోయింది.

"ఏంటి జమారిస్, పడాంగ్ డాక్టరు కోసెయ్యాలన్నాడటగా?"

జమారిస్ తాడు ముడి విప్పుతున్నవాడు ఆగాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? మీ చెల్లెలు రబాయిని. పొద్దున్నే సముద్రం ఒడ్డున, చేపల దగ్గర. మా అన్నయ్యకి కేన్సరొచ్చింది, ఆడవాళ్ళకి రాని చోట వచ్చింది అని ఒకటే ఏడుపు. అందరం ఏడ్చాంలే."

"మా యులినార్ ఉందా అక్కడ?"

మర్లీస్ చేతిలోని కాయను కుప్ప మీద పెట్టి, మళ్ళీ తీసి, ఇంకోచోట పెట్టింది. "నా పక్కనే చేపలు ఏరుకుంటోంది. పాపం, చేప చేతిలోనే ఉండిపోయింది. నీ పెళ్ళానికి చెప్పకుండా ఊరికి చెప్పడమేంటయ్యా?"

ఊరికి అతను చెప్పలేదు. ముందురోజు పడాంగ్ పెద్దాసుపత్రిలో డాక్టరు చెప్పింది ఇద్దరికే, అతనికీ మేనల్లుడు హెండ్రికీ. హెండ్రి మండలాఫీసులో ఉద్యోగస్థుడు, ఆసుపత్రి మాటలు అర్థమవుతాయని వెంట వచ్చాడు. ప్రోస్టేట్ గ్రంథిలో కేన్సర్ ఉంది, ఇంకా గ్రంథి దాటలేదు, ఊరికే చూస్తూ కూర్చునే రకం మాత్రం కాదు అన్నాడు డాక్టరు. మూడు దారులు చెప్పాడు. కత్తితో గ్రంథి తీసెయ్యడం. రోజూ వచ్చి కరెంటు పెట్టించుకోవడం. లేదా సూదులు. సోమవారం వచ్చి ఏదో ఒకటి చెప్పమన్నాడు. తిరుగు రైల్లో జమారిస్ మరుగుదొడ్డి పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి పొలాలు చూశాడు. ఇంటికెళ్ళి యులినార్‌కి ఎలా చెప్పాలా అని దారిపొడవునా మాటలు వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఏదో ఇన్‌ఫెక్షనట" అని పడుకున్నాడు. ఆ సాయంత్రమే హెండ్రి వాళ్ళమ్మకు చెప్పేశాడు. అది తప్పూ కాదు. మావైపు మగాడికి జబ్బు చేస్తే ముందు చెప్పవలసింది అతని తల్లివైపు వాళ్ళకే. పెళ్ళాం తరవాత.

ఆ రోజు ఇంకో చెట్టు ఎక్కించలేదు. బుజాంగ్‌ను మోటారుసైకిల్ వెనక ఎక్కించుకుని, సీటు మీద సగమే ఆనుకుని, నెమ్మదిగా ఇంటికి నడిపాడు. గతుకు తగిలినప్పుడల్లా నడుం కింద సలుపు. వెనక కోతి అతని చొక్కా పట్టుకుని, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ చూసి పళ్ళు ఇకిలించింది.

ఇల్లు అని నేనంటున్నాను గాని అది యులినార్ ఇల్లు. ఆమె అమ్మది, అంతకు ముందు అమ్మమ్మది. మా దగ్గర మగవాడు పెళ్ళయ్యాక వెళ్ళి భార్య ఇంట్లో ఉంటాడు. ఎన్నేళ్ళున్నా చుట్టమే. కాలిన మొద్దు మీద బూడిదలాంటి వాడంటారు, గాలి విసిరితే లేచిపోవాల్సిందే. చుట్టం గనక అతనికి మంచి పీట, మంచి ముక్క, మంచి మాట. చుట్టం గనకే ఏదీ అడగకూడదు.

యులినార్ వంటింట్లో పీట మీద కూర్చుని రేపు అమ్మబోయే సాలా ఉండలకు పిండి కలుపుతోంది. బియ్యప్పిండిలో మరుగునీళ్ళు పోసి, చిదిమిన చేప, పసుపు, మిరప, పసుపాకు తరుగు వేసి, గోరువెచ్చగా ఉండగానే అరచేతుల మధ్య చుట్టాలి. చల్లారితే ఉండ పగులుతుంది, పగిలింది నూనెలో పేలుతుంది. ఆవిడ ఉండ చుట్టి తాంబాళంలో పెట్టే వేగం చూస్తే కళ్ళు తిరుగుతాయి. ఆ రోజు ఉండలన్నీ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి.

జమారిస్ గడప మీద కూర్చున్నాడు. ఆమె అడుగుతుందని అతను, అతను చెప్తాడని ఆమె. అలా తాంబాళం సగం నిండింది.

"తొందరగా వచ్చారే" అందామె చివరికి.

"బుజాంగ్‌కి ఒంట్లో బాలేదు."

పెరట్లో బుజాంగ్ కట్టుగొయ్య మీదికీ కిందికీ ఎగురుతూ కోళ్ళను అదిలిస్తోంది. ఇద్దరూ అటు చూశారు.

"మీవాళ్ళేమంటున్నారు?" అంది యులినార్, తల ఎత్తకుండా.

"మాట్లాడుకుంటారట. రేపు జుమ్మా నమాజయ్యాక. హెండ్రి ఫోను చేశాడు."

"ఊఁ. మాట్లాడుకోనీండి."

అంతే. ఉండ చుట్టింది, పక్కన పెట్టింది, ఇంకోటి తీసుకుంది. జమారిస్‌కు తల కొట్టేసినట్టయింది. మీవాళ్ళట! రోగం మీది, మనిషి మీవాడు, మధ్యలో నాకెందుకు అన్నట్టు వినిపించింది. తను ముందు చెప్పకపోవడం తప్పే, ఒప్పుకుంటాడు. కానీ ఒక్క మాట, "ఏమైంది" అని ఒక్క మాట అడిగితే పోయేదేముంది? ఆ రాత్రి పక్క మీద యులినార్ గోడవైపు తిరిగి పడుకుంది. అతను ఎన్నోసార్లు లేచి పెరట్లోకి వెళ్ళొచ్చాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆమె మెలకువగానే ఉంది.

* * *

శుక్రవారం పొద్దున్నే రబాయిని వ్యాను కట్టించుకుని వచ్చింది. వెంట హెండ్రి. గుమ్మంలో చెప్పులు విడిచి, వదిన అందించిన టీ తాగి, బిస్కెట్ కొరికి, వర్షాల గురించి మాట్లాడి, అప్పుడు అసలు మాట తీసింది.

"వదినా, తప్పుగా అనుకోకు. మా మనిషిని మేము తీసుకెళ్తాం. వైద్యం అయ్యేదాకా మా దగ్గరుంటాడు. నువ్వు వ్యాపారం చూసుకోవాలి, కోతిని చూసుకోవాలి, నీకు మాత్రం ఎన్ని చేతులు?"

"మీ మనిషే కదా" అంది యులినార్ మెత్తగా.

జమారిస్ ఆమె ముఖం వైపు చూశాడు. ఆమె పళ్ళెంలో గ్లాసులు సర్దుతోంది. ఉండమంటుందేమోనని అతను చెప్పులు తొడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు. ఒక చెప్పు తొడిగి, విప్పి, దులిపి, మళ్ళీ తొడిగాడు. గాలి విసిరింది, బూడిద లేచింది. వ్యాను కదులుతుంటే పెరట్లోంచి బుజాంగ్ కేకలు వినిపించాయి.

రబాయిని ముందుగదిలో మంచం వేయించింది. కొత్త దుప్పటి. తలగడకు కుట్టుపువ్వుల గలేబు. అన్నను కూర్చోబెట్టి, కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, కొబ్బరినూనె రాసింది. రాస్తూ ఏడ్చింది. "చిన్నప్పుడు నాకు స్ఫోటకం పోస్తే నువ్వేగా నా పక్కన పడుకున్నావ్. ఎవరూ దగ్గరికి రాకపోతే నువ్వే కడిగావ్. ఇప్పుడు నేను చూడకపోతే ఇంకెవరు చూస్తారన్నయ్యా?" ఆమె ప్రేమలో ఆవగింజంత అబద్ధం లేదు. అదే అతనికి ఊపిరాడనివ్వలేదు.

నమాజయ్యాక వంశపెద్ద దాతుక్ వచ్చాడు. ఎనభై దాటినా కర్ర లేకుండా నడుస్తాడు. జమారిస్‌కు వరసకు తమ్ముడయ్యే బుస్తామి వచ్చాడు. బజారులో గొడుగులు బాగుచేస్తాడు, నోరు ఊరుకోదు. మగాళ్ళు చాప మీద గోడలకు ఆనుకుని కూర్చున్నారు. రబాయిని వంటింటి గుమ్మంలో, సగం లోపల సగం బయట. ఇన్నేళ్ళూ ఇదే గోడకు ఆనుకుని మేనకోడళ్ళ పెళ్ళిళ్ళూ మేనల్లుళ్ళ తగాదాలూ తేల్చినవాడు జమారిస్. ఇవాళ మంచం దిగి అదే గోడ దగ్గర చోటు చూసుకుంటే, "వద్దొద్దు, నువ్వు మంచం మీదే ఉండు" అన్నారు.

హెండ్రి ఆఫీసులో చెప్పినట్టే చెప్పాడు. ఆపరేషనైతే ఒక్కసారితో పోతుంది, కానీ కొన్ని నెలలు మూత్రం ఆగదు, కారుతుంది. కరెంటైతే కొయ్యరు, కానీ వారానికి ఐదు రోజుల చొప్పున నెలల తరబడి పడాంగ్‌లో ఉండి పెట్టించుకోవాలి, మంట, నీరసం. సూదులైతే జబ్బును నిద్రపుచ్చుతాయి, చంపవు. మగతనం ఎండిపోతుంది.

"ఆ మగతనం సంగతి ఆపరేషన్‌లో?" అన్నాడు బుస్తామి.

హెండ్రి మేనమామ వైపు చూడకుండా చెప్పాడు. "అక్కడ కూడా పోవచ్చు. నరాలు పక్కనే ఉంటాయట."

"పోతే పోయిందిరా! అరవైమూడేళ్ళకి ఇంకా ఎవరికోసం? రిటైరైన గుమాస్తాకి కుర్చీ ఎందుకు?"

మగాళ్ళందరూ నవ్వారు. జమారిస్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఏమనుకుంటారో అని నవ్వాడు.

"సిగ్గులేదూ, రోగి ముందు" అని రబాయిని గుమ్మంలోంచి కసిరింది.

దాతుక్ గొంతు సవరించుకున్నాడు. "కారుతుందంటున్నావ్. మరి నమాజు?"

"పూటపూటా కొత్తగా కాళ్ళూచేతులూ కడుక్కుని, వజూ చేసుకుని చదువుకోవచ్చన్నారు మసీదులో. అడిగొచ్చాను."

"అయితే ఇబ్బంది లేదు. దేవుడు రోగిని కష్టపెట్టడు." దాతుక్ కళ్ళు మూసుకున్నాడు. "రబాయినీ, నీ మాటేంటి?"

"పడాంగ్‌లో మనకెవరున్నారు? అన్ని నెలలు అన్నయ్య ఎవరింట్లో పడుంటాడు? రోజూ రైల్లో తిప్పడానికి మనిషా, కొబ్బరికాయా? ఆపరేషనే మేలు. తెచ్చి ఇక్కడ పడుకోబెడితే నేను చూసుకుంటా. కారితే కారనీ. ఎత్తడానికి నాకేం సిగ్గు?"

ఒక్కొక్కరే తలలూపారు. మా దగ్గర చేతులెత్తి లెక్కపెట్టడాలుండవు. అందరి తలలూ ఒకేవైపు ఊగేదాకా టీలు తాగుతారు. ఊగాక అది వంశం మాట.

"యులినార్‌ని ఒకసారి..." అన్నాడు జమారిస్ మంచం మీదనుంచి.

"కబురు పంపుదాం. మర్యాద కదా" అన్నాడు దాతుక్. "తేల్చుకున్నాక."

"వదినదేముందన్నయ్యా ఇందులో? ఆ ఇంట్లో నిన్ను కట్టిపడెయ్యడానికి పిల్లా జెల్లా ఉన్నారా?" అనేసింది రబాయిని. అన్నాక నాలిక కరుచుకుంది. హెండ్రి లేచి ఫ్యాను వేగం పెంచాడు.

జమారిస్‌కు నిజంగానే మూత్రం వచ్చింది. లేచి పెరట్లోకి నడిచాడు. తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. సోమవారం హెండ్రి డాక్టరుతో ఆపరేషన్ అని చెప్తాడు. బుస్తామి అప్పటికే అరటికాయ బజ్జీ తింటున్నాడు.

అతనికి కత్తంటే భయం. కరెంటన్నా భయమే. కానీ ఆ భయాన్ని పెట్టుకునే చోటు ఆ గదిలో ఎక్కడా కనిపించలేదు. అలసిపోయి పడుకున్నాడు. ఇంత మంది ఉంటే చివరికి తను ఆలోచించాల్సిన పని లేకుండా పోయింది, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు. అనుకున్నాడే గాని నిద్ర పట్టలేదు.

* * *

శనివారం మధ్యాహ్నం మోటారు రిక్షా వాడు ఒక మూట తెచ్చి గుమ్మంలో దించాడు. "యులినార్ అక్క పంపింది."

"ఏం చెప్పింది?" అంది రబాయిని.

"ఏం చెప్పలేదు. ఇచ్చెయ్యమంది."

రబాయిని ముడి విప్పింది. పైన లుంగీలు. వాటి కింద లుంగీలు. చొక్కాలు, బనియన్లు, రెండు తువాళ్ళు, నల్ల టోపీ, పండగలకు కట్టే పట్టుజరీ లుంగీ. అన్నీ ఉతికి, ఇస్త్రీ చేసి, అంచుకు అంచు కలిపి మడిచినవి. ఆ ఇంట్లో అతనికి ఉన్నది ఏదీ మిగల్లేదు, ఒక్క కోతి తప్ప.

మావైపు మగాడికి విడాకులు కాగితం మీద రావు. ఇలా మూటగా వస్తాయి. భార్య ఇంటినుంచి మగాడి బట్టలన్నీ చెల్లెలి గుమ్మంలోకి వచ్చాయంటే ఇక అడగాల్సింది, చెప్పాల్సింది ఏమీ ఉండదు. చిన్నపిల్లలకి కూడా తెలుసు.

"అయ్యయ్యో! రోగమొచ్చిందని మూటగట్టి పంపించేసింది!" రబాయిని నెత్తి కొట్టుకుంది. "నిన్న టీ ఇచ్చేటప్పుడే అనుకున్నా. మీ మనిషే కదా అంది. ఆ గొంతు చూడు, వెన్నలో కత్తి! హెండ్రీ, ఇటురా, చూడు మీ అత్త నిర్వాకం!"

ఇరుగుపొరుగు గోడల మీదికి తలలొచ్చాయి. హెండ్రి వచ్చి మూట చూసి, "నేనెళ్ళి అడుగుతాను" అన్నాడు.

"నువ్వు కూర్చో" అన్నాడు జమారిస్.

ఆ మూడు రోజుల్లో అతను గట్టిగా అన్న మొదటి మాట అది. మంచం దిగి వచ్చి మూట ముందు కూర్చున్నాడు. ఒక లుంగీ తీసి మళ్ళీ పెట్టాడు. ఇంత శ్రద్ధగా మడిచిందా నన్ను పంపించెయ్యడానికి, అనుకున్నాడు. కేన్సరని విన్నప్పుడు కళ్ళలో నీళ్ళు రాలేదు. ఇప్పుడొచ్చాయి. మోచేత్తో తుడుచుకుని, మూట ముడి బిగించి, నెత్తిన పెట్టుకుని లేచాడు.

"ఎక్కడికి?"

"అడగడానికి."

రబాయిని గుమ్మానికి అడ్డం నిలబడింది. "నీకేమైనా మతి పోయిందా అన్నయ్యా! మన మగాళ్ళు ఎన్నడైనా పిలవకుండా ఆ గుమ్మం తొక్కారా? పెళ్ళికొడుకుగా ఉన్నప్పుడు వాళ్ళు వచ్చి, బతిమాలి, తాంబూలం పెట్టి తీసుకెళ్ళారు నిన్ను. ఇప్పుడు వాళ్ళు పంపించేస్తే, నీ అంతట నువ్వు మూట మోసుకుంటూ పోతావా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వనీ. బుస్తామి ఎలాగూ నవ్వుతున్నాడు."

ఆమె పక్కకు జరిగింది. అతను జరిపాడని కాదు. అన్న ముఖం అలా ఆమె ఎప్పుడూ చూడలేదు.

రైలుపట్టాల పక్కదారిన నడిచాడు. నెత్తిన మూటతో మగాడు కనిపిస్తే మా ఊళ్ళో కథ తెలిసిపోతుంది. కానీ అలాంటివాడు ఎప్పుడూ భార్య ఇంటినుంచి చెల్లెలింటి వైపు పోతాడు. ఇతను భార్య ఇంటి వైపు పోతున్నాడు. టీకొట్టు ముందు కూర్చున్నవాళ్ళు అర్థంగాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకడు, "అజో జమారిస్, దారి తప్పావా?" అన్నాడు. అజో అంటే మావైపు అన్న, భార్య మొగుణ్ణి పిలిచే పిలుపూ అదే. దారి దిగి గట్టు చాటున కూర్చోవలసి వచ్చినప్పుడల్లా మూటను గడ్డి మీద పెట్టి, లేచి, మళ్ళీ ఎత్తుకున్నాడు. ఎండకు కళ్ళు చీకట్లు కమ్మాయి.

యులినార్ మూకుడు ముందుంది. నూనెలో ఉండలు పైకి తేలి గుండ్రంగా తిరుగుతున్నాయి. ముందు బుజాంగ్ చూసింది, గొలుసు తెంచుకునేలా గంతులేసింది. తరవాత ఆమె చూసింది. చిల్లుల గరిటె పట్టుకునే లేచి నిలబడింది.

"మళ్ళీ మోసుకొచ్చారేం? అక్కడ పెట్టుకోడానికి చోటు లేదా?"

"వెళ్ళగొట్టావా నన్ను?"

యులినార్‌కు అర్థం కాలేదు. మూట వైపు, అతని చెమట వైపు, వీధిలో ఆగి చూస్తున్న ఇద్దరి వైపు చూసింది. అప్పుడు అర్థమైంది.

"అయ్యో, నా మతి మండిపోను!" అని నుదురు కొట్టుకుంది. "అలా అనుకున్నారా? అందరూ అలా అనుకున్నారా? మూట కట్టేటప్పుడు ఒక్కసారైనా తట్టలేదే నాకు!" నవ్వబోయింది, నవ్వు రాలేదు, కింద కూర్చుంది. "నిన్న సాయంత్రం హెల్త్ సెంటర్ నర్సు దగ్గరికి వెళ్ళాను. ఆపరేషనయ్యాక నెలల తరబడి కారుతూనే ఉంటుందట, గంటకో లుంగీ మార్చాలట. ఉన్నవన్నీ పంపాను. పట్టుది కూడా పంపాను, ఏది అవసరపడుతుందో అని. మీ సంగతి నాకు తెలీదూ? పరాయి ఇంట్లో తడిసిందే కట్టుకుని కూర్చుంటారు, చచ్చినా ఇంకోటి ఇమ్మని అడగరు."

"అది పరాయి ఇల్లు కాదు. మా చెల్లెలిల్లు."

"మరి ఎన్ని అడిగారు?"

మూకుడులో ఉండలు మాడిన వాసన వచ్చింది. ఆమె చటుక్కున లేచి దేవి పడేసింది, పొయ్యి ఆర్పింది.

"ఆపరేషనని నీకెవరు చెప్పారు?"

"మీరు తప్ప ఊళ్ళో అందరూ చెప్పారు!" యులినార్ గొంతు పెరిగింది. వీధిలోవాళ్ళు వింటారని కూడా చూడలేదు. "చేపలమ్మే వాళ్ళ ముందు విన్నాను నా మొగుడికి ఏ రోగమో. చేప పట్టుకుని నిలబడిపోయాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు, దీనికి తెలుసా తెలీదా అని. తెలుసన్నట్టు తలూపాను అజో. తెలుసన్నట్టు ఊపి, చేపలకి ఇవ్వాల్సింది ఇచ్చి, ఇంటికొచ్చి, అప్పుడు ఏడ్చాను."

"నువ్వొక్క మాట అడగలేదు."

"మీవాళ్ళేమంటున్నారు అన్నానుగా! అంతకంటే నేనెలా అడగాలి? మీవాళ్ళు కూర్చోకముందే నోరు తెరిస్తే, మనిషి మంచం ఎక్కకముందే పెత్తనానికొచ్చింది అంటారు. పిల్లలు లేని ఇల్లు నాది. మీ చెల్లెలొచ్చి మా మనిషన్నాక, కాదు నా మనిషి అనడానికి నా చేతిలో ఏముంది చూపించడానికి?"

జమారిస్ గడప మీద కూలబడ్డాడు. "నేను వదిలించుకుంటున్నావనుకున్నా."

"నేను మీరు వెళ్ళిపోవాలనుకుంటున్నారనుకున్నా. చెప్పులు తొడుక్కోవడానికి అంతసేపు పట్టింది గాని, ఒక్కసారి వెనక్కి తిరిగారా?"

ఇన్నేళ్ళు ఒక కంచంలో తిన్న మనుషులు, మర్యాదకు పోయి మూడు రోజులు ఒకరినొకరు చంపుకున్నారు. ఆమె లేచి ఓ గ్లాసు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. అతను తాగబోయి ఆగాడు, తాగితే మళ్ళీ లేవాలని. "తాగండి. లేస్తే లేచారు" అంది.

నీళ్ళు తాగాక, "సోమవారం నేనొస్తాను డాక్టరు దగ్గరికి" అంది.

"హెండ్రి వస్తున్నాడు."

"రానీండి. నేనూ వస్తాను. ఆయన్ని ఒకటి అడగాలి."

"నాకు చెప్పు, నేనడుగుతా."

"మీరు అడగరు."

"ఆపరేషనని తేల్చేశారు యులీ. ఇప్పుడు నువ్వొస్తానంటే మావాళ్ళేమంటారో..."

"మీవాళ్ళేమంటారో అని పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉన్నాను. ఈ ఒక్కసారికి నేనేమంటానో వాళ్ళని అడగమనండి."

మూట ఎత్తుకుని లోపలికి నడిచింది. బట్టలు ఒక్కొక్కటే బీరువాలో పెడుతున్న చప్పుడు వినిపించింది.

* * *

రైల్లో ముగ్గురూ ఒక వరసలో కూర్చున్నారు. హెండ్రి కిటికీ దగ్గర, ఫోను చూసుకుంటూ. అత్త రావడం అతనికి నచ్చలేదు, అనలేకపోయాడు. వాళ్ళమ్మ రెండు రోజులుగా వీళ్ళిద్దరితో మాట్లాడటం లేదు. స్టేషనుకు మాత్రం అన్నకోసం అన్నం పొట్లం పంపింది, ఒక్కడికే సరిపడా. యులినార్ దాన్ని విప్పి ముగ్గురికీ పంచింది.

డాక్టరు సిహోటాంగ్ బటక్ తెగ మనిషి, చిన్నవాడు. వాళ్ళకి మాట నాజూకు తెలియదని మావాళ్ళంటారు. "ఊఁ, ఏం తేల్చుకున్నారు?" అన్నాడు కలం తీస్తూ.

"మా కుటుంబమంతా కూర్చుని మాట్లాడుకున్నాం డాక్టర్. ఆపరేషన్" అన్నాడు హెండ్రి.

డాక్టరు రాయబోయాడు.

"ఒక్క నిమిషం బాబూ" అంది యులినార్. "నేనీయన భార్యని. ఆ మూడు దారుల్లో ఏది పట్టుకుంటే మేమిద్దరం ఇదివరకులా ఉండగలం?"

"ఆపరేషనైతే ఆరువారాల్లో నడక, చిన్నచిన్న పనులు..."

"నడక సంగతి కాదు." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కానీ కళ్ళు దించలేదు. "మొగుడూ పెళ్ళాల సంగతి అడుగుతున్నాను. నాకు యాభై ఏడు. మేమింకా మానలేదు. మానాలని నాకు లేదు కూడా."

హెండ్రి ఫ్యాను వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, "టీ తాగొస్తాను" అని లేచి వెళ్ళిపోయాడు. జమారిస్ తన మోకాళ్ళను చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. కానీ ఆ సిగ్గు కింద ఎక్కడో, చాపల మీద మగాళ్ళు నవ్విన నవ్వు ఆ రోజునుంచీ ముల్లులా దిగబడి ఉంది. అది కదిలింది.

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. "ఈ ప్రశ్న మీ ఇంటి మగవాళ్ళు అడుగుతారనుకున్నానమ్మా" అన్నాడు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. జబ్బు ఒకవైపు నరాలకు బాగా దగ్గరగా ఉంది. కోస్తే ఆ నరం నిలుస్తుందని చెప్పలేడు. కరెంటైతే వెంటనే పోదు, ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గొచ్చు, మందులతో కొంత నిలబెట్టొచ్చు. జబ్బు పోయే మాట చూస్తే, ఇతని వరకు రెండూ ఇంచుమించు సమానమే. సూదులు లేకుండానే కరెంటు మొదలుపెట్టొచ్చు. కానీ రోజూ రావాలి, నీరసం వస్తుంది, విరేచనాలు ఇబ్బంది పెడతాయి, మెషీన్‌కి చాంతాడంత వరస. "హామీ మాత్రం దేనికీ ఇవ్వలేను" అన్నాడు.

"హామీ ఎవరడిగారు?" అంది యులినార్. కుర్చీలో పూర్తిగా పక్కకు తిరిగి భర్తను చూసింది.

"మీరేమంటారు అజో?"

జమారిస్ మోకాళ్ళ మీంచి తల ఎత్తాడు. ఈ నాలుగైదు రోజుల్లో దాతుక్ రబాయినిని అడిగాడు, బుస్తామి హెండ్రిని అడిగాడు, డాక్టరు మేనల్లుణ్ణి అడిగాడు. మంచం మీద కూర్చున్నవాణ్ణి మాత్రం ఒక్కరూ ఆ మాట అడగలేదు. ఇప్పుడు అడిగేసరికి తన దగ్గర జవాబు ఉందో లేదో అతనికే తెలియలేదు.

"నాకు భయంగా ఉంది" అన్నాడు.

"తెలుసు. నాకూ ఉంది" అంది ఆమె. "అది ఎటూ మనతోనే వస్తుంది. కత్తా, కరెంటా? మీకేది కావాలో చెప్పండి. కత్తే అన్నా సరే, నేనేమీ అనుకోను. కానీ మీ నోటితో చెప్పండి."

"కరెంటు" అన్నాడు జమారిస్. అన్నాక ఇంకోసారి, కొంచెం గట్టిగా అన్నాడు. "కరెంటే."

డాక్టరు ఇద్దర్నీ చూశాడు. "మరి మీ కుటుంబం ఆపరేషనని తేల్చిందన్నారు?"

"వాళ్ళు మా చెల్లెలింటి వాళ్ళు. వాళ్ళకి నేను చెప్పుకుంటాను." జమారిస్ లేవడానికి కుర్చీ చేతుల మీద బలం వేశాడు. "నేనుండేది ఈవిడింట్లో."

డాక్టరు రాసుకోవడం మొదలుపెట్టాడు. జమారిస్ నిలబడి, నడుం పట్టుకుని, తలుపు వైపు రెండడుగులు వేసి, మరుగుదొడ్డి ఎటో తెలియక ఆగాడు.

"కుడివైపు, మెట్ల పక్కన" అంది యులినార్. "వచ్చేటప్పుడే చూసిపెట్టాను."